పెడ్లర్ ముఖాన ఇసుక

పెళ్ళైన పదకొండో రోజు పొద్దున మా మామగారు మలాకీ నా చేతికి తడి ఇసుక బకెట్టు అందించి, "కొట్టు" అన్నారు.

"ఎవర్ని?"

"వాణ్ణే. సరిగ్గా ముఖాన పడాలి."

వాడంటే పెడ్లర్. మా ఇంట్లోనే పుట్టిన నాలుగేళ్ళ మగ గుర్రం. కళ్ళెం పట్టుకుని నిలబడ్డ నా మొగుడు లోర్కన్ అప్పటికే పళ్ళికిలిస్తున్నాడు. నేను గుప్పెడు ఇసుక తీసి విసిరాను. పెడ్లర్ తల పక్కకి తిప్పుకున్నాడు. ఇసుక పోయి లోర్కన్ నోట్లో పడింది.

"పెళ్ళై రెండు వారాలు కాలేదు, అప్పుడే నా నోట్లో మట్టి కొట్టేసిందండోయ్!" అని అరిచాడు, ఉమ్మేసుకుంటూ.

"నువ్వూ అలవాటు చేసుకో. ప్రొఫెసర్ గురి అలాగుంది," అన్నారు మలాకీ. నేను గాల్వే కాలేజీలో భూగర్భశాస్త్రం చదివానని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి నేను ప్రొఫెసర్‌నే. రాళ్ళూ ఇసుకా చదివిన అమ్మాయి గుర్రాలవాళ్ళింటికి కోడలుగా రావడం ఆయనకి భలే సరదాగా ఉండేది.

అప్పటికే లోర్కన్ చెవులు చలికి ఎర్రబడి ఉన్నాయి. టోపీ పెట్టుకోమంటే పెట్టుకోడు. ఆ చెవుల్ని నా రెండు చేతులతో మూసి వెచ్చబరచడం ఆ శరత్కాలమంతా నాకు రోజూ దొరికిన చిన్న పండగ. హనీమూన్ ఎక్కడికని స్నేహితురాళ్ళు ఫోన్లు చేసి అడిగేవాళ్ళు. గుర్రంతో అమెరికాకి అని చెబితే నమ్మేవాళ్ళు కాదు.

విషయం ఇది. పెడ్లర్ గడ్డి మీద పరిగెత్తే గుర్రం. ఆ వేసవిలో గడ్డి మీద రెండు పెద్ద పందేలు గెలిచాడు. ఇంకొక్క పందెం ఆడి, వచ్చే వసంతం నుంచి ఆడగుర్రాలకి జోడు కట్టించే పనిలో దిగాలి. అదే అసలు బతుకు అలాంటి గుర్రాలకి. అయితే గడ్డి మీద మైలున్నర గెలిచిన గుర్రాలు ఐర్లండులో కొల్లలు. అమెరికాలో పెద్ద పందేలన్నీ మట్టి ట్రాకు మీద. అక్కడ మట్టి మీద కూడా మెరిసిన గుర్రమంటే దాని రేటే వేరు. అక్కడి కెంటకీలో, మగ గుర్రాల్ని జోడుకి ఉంచే పెద్ద స్టడ్ ఫారం నడిపే హార్లన్ అనే ఆయన జూలైలో వచ్చి పెడ్లర్ కాళ్ళు తడిమి చూసి, "మట్టి మీద గెలిపించి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం," అని వెళ్ళారు. నవంబరు మొదటి శనివారం కెంటకీలోనే పది ఫర్లాంగుల పందెం. మలాకీ దానికి వాడి పేరు ఇచ్చేశారు.

"గెలిస్తే వీడికి కెంటకీ సంబంధాలు," అనేవారు మలాకీ. "గెలవకపోతే ఇక్కడే ఏ కొండ పక్కనో కంచెలు దూకే గుర్రాలకి తండ్రవుతాడు. అదీ గౌరవమైన పనే, కాకపోతే వాడి కట్నం నా బూట్లకి కూడా చాలదు."

ఇంట్లో అసలు చిక్కు పెడ్లర్‌ది కాదు, వాళ్ళమ్మది. ఆ గుర్రం పేరు నెటిల్. పద్నాలుగేళ్ళది, చూడితో ఉంది. పుట్టిన రోజే తల్లి చనిపోతే మా అత్తగారు బ్రీడా దాన్ని వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టి పెంచారు. వంటింటి తలుపు కింద చెక్కమీద దాని చిన్నప్పటి పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి. కానీ దాంట్లో సగం వాటా మలాకీ అన్నగారు డిన్నీది. ఆయన కార్క్‌లో ఇల్లు కట్టుకుంటున్నారు, వాటా తీసేసుకుంటానన్నారు. సగం గుర్రాన్ని ఎవరూ కొనరు కదా. పెడ్లర్ మీద వచ్చే డబ్బుతో నవంబరు ఆఖరుకల్లా ఆయన వాటా మేం కొనాలి, లేదా డిసెంబరు వేలంలో నెటిల్‌ని మొత్తంగా అమ్మాలి. వేలం పుస్తకంలో దాని పేరు అచ్చయిపోయింది కూడా. ఆరువందల పన్నెండో నంబరు.

బ్రీడా ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూసి, దానిమీద రొట్టె పళ్ళెం పెట్టేశారు. దాని గురించి ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్ల ఇంట్లో అందరికీ ఆ నంబరు నోటికొచ్చేసింది.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు సముద్రపొడ్డునే గడిచాయి. మాది వెక్స్‌ఫర్డ్ తీరం. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోగానే బయటపడే గట్టి ఇసుక మీద గుర్రాల్ని పరిగెత్తించడం ఆ ఊరివాళ్ళకి తాతల నాటి అలవాటు. మలాకీ ఆలోచన ఏమిటంటే, ముందొక గుర్రాన్ని వదిలి, దాని డెక్కలు లేపే ఇసుక పెడ్లర్ ముఖాన పడేలా వెనకే పరిగెత్తించాలి. గడ్డి గుర్రాలు మట్టి పందెంలో ఓడిపోయేది అక్కడే. ముఖాన మట్టి పడగానే తల ఎత్తేసి, ఇదేం మర్యాదయ్యా అని ఆగిపోతాయి.

నా చదువు మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. కెంటకీ ట్రాకు మట్టి ఎలాంటిదో వెతికి చదివి, ఒడ్డంతా తిరిగి, ఎక్కడి ఇసుక దానికి దగ్గరగా ఉందో గీత గీసి చూపించాను. నీళ్ళకి మరీ దగ్గరైతే గట్టిది, పైకి వెళితే పొడిది, మధ్యలో పాతిక అడుగుల పట్టీ సరిగ్గా సరిపోతుంది. మలాకీ ఆ గీత మీద అటూ ఇటూ నడిచి, మడమతో గుచ్చి చూసి, "నాలుగేళ్ళ కాలేజీ ఫీజు ఇవాళ వసూలైంది," అన్నారు. ఇంటికెళ్ళేదాకా నాకు నేల కనబడలేదు.

ముందు పరిగెత్తే గుర్రం పేరు బిస్కట్. ముసలిది, బద్ధకానికి మారుపేరు. లోర్కన్ పెడ్లర్ మీద, మలాకీ బిస్కట్ మీద. మొదటి వారం పెడ్లర్ తుమ్మాడు, తల విదిలించాడు, అలిగి నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డాడు. మూడో వారానికి కళ్ళు సగం మూసి, తల దించి, ఇసుకలోంచి దూసుకొచ్చేవాడు. లోర్కన్ ముఖం మీద కళ్ళద్దాల చోటు తప్ప అంతా ఇసుకే. రోజూ ఆ ముఖాన్నే ముద్దు పెట్టుకునేదాన్ని, నా పళ్ళ మధ్య ఇసుక కరకరలాడేది.

ఇక నేను చేసిన ఘనకార్యం. అమెరికా పందేల వీడియోలు చూస్తుంటే ఒక సంగతి గమనించాను. అక్కడ పందెం మొదట్లో గుర్రాల్ని నిలబెట్టే గేటు తెరుచుకోగానే పెద్ద గంట మోగుతుంది. మా దగ్గర తలుపుల చప్పుడే తప్ప గంట ఉండదు. పైగా అక్కడి గుర్రాలు గంట వినగానే తూటాల్లా బయటపడతాయి. మావి నింపాదిగా బయల్దేరతాయి.

"వాడికి గంట కూడా అలవాటు చేయాలి," అన్నాను.

"ప్రొఫెసర్ చెప్పిందంటే చేయాల్సిందే. గంటేదీ?" అన్నారు మలాకీ.

ఇంట్లో గంట ఒక్కటే ఉంది. మూతపడ్డ ఊరి బడిలోంచి బ్రీడా తెచ్చుకున్న ఇత్తడి చేతిగంట. నేను దాన్ని పొద్దున్నే కోటు లోపల పెట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళి, ఎనిమిదిన్నర లోపల మళ్ళీ వంటింటి గూట్లో పెట్టేసేదాన్ని. ఒడ్డు చివర రెండు గుర్రాల్నీ ఇంటివైపు ముఖం తిప్పి నిలబెట్టి, లోర్కన్ "ఊఁ" అనగానే గంట కొట్టేదాన్ని.

మొదటి రోజే పెడ్లర్ ఎగిరిపడి దూసుకుపోయాడు. లోర్కన్ టోపీ ఊడిపోయింది. (ఆ రోజు నా పోరు పడలేక పెట్టుకున్నాడు పాపం.) బిస్కట్ కూడా దూసుకుపోయింది. ఆరేళ్ళలో ఎన్నడూ తొందరపడని బిస్కట్, మీద మలాకీ ఉన్నారని కూడా మర్చిపోయి పరిగెత్తింది. మేం ముగ్గురం ఆ వింతకి చంకలు గుద్దుకున్నామే తప్ప, ఎందుకని ఒక్కరమూ అడగలేదు.

"నలభై ఏళ్ళ నుంచి గుర్రాలు తోలుతున్నాను. ఒక్కడికీ తట్టలేదు చూడు ఈ గంట సంగతి!" అన్నారు మలాకీ. ఆ సాయంత్రం సారాకొట్టులో నలుగురికీ చెప్పుకున్నారు.

అక్టోబరు ఆఖరున నేనూ, లోర్కనూ, మలాకీ పెడ్లర్‌ని తీసుకుని విమానమెక్కాం. తక్కిన గుర్రాల కోసం బ్రీడా ఇంట్లోనే ఉండిపోయారు. ఇంటి గేటు దగ్గర ఆవిడ మలాకీ టై సరిచేసి, "ఎలా పరిగెత్తినా సరే, గుర్రం కాళ్ళు జాగ్రత్త," అన్నారు. అంతే. వెనక పొలంలో నెటిల్ గడ్డి మేస్తోంది. ఆవిడ అటు చూడలేదు.

కెంటకీలో మా హనీమూన్ గది గుర్రపుశాలలకి కూతవేటు దూరంలో ఉన్న చవక హోటల్లో. పొద్దున్నే పెనం మీద అట్లు, వాటి మీద తేనెలాంటి పాకం. లోర్కన్ ఏడు తిన్నాడు. నేను లెక్కపెట్టాను. అక్కడి నేల ఎర్రగా, మెత్తగా ఉంది. రోజూ పొద్దున ట్రాకు మీద పెడ్లర్‌ని తిప్పి, ట్రాకు వెనకవైపు నిడుపాటి తిన్నని దారిలో బయటివైపు ఉన్న సందులోంచి శాలకి తీసుకొచ్చి దాణా పెట్టేవాళ్ళం. వారం రోజులు అలాగే చేశాం. వాడికి ఆ సందు బాగా గుర్తయింది. అదీ మాకు ముచ్చటగానే తోచింది.

పందెం రోజు లోర్కన్ చేయి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నా ఉంగరం అచ్చు వాడి వేలిమీద పడింది. పన్నెండు గుర్రాలు. జాకీకి మలాకీ చెప్పిన మాట ఒక్కటే. "మొదట వెనకే ఉండు. మట్టి పడనీ, వాడు పట్టించుకోడు. చివర్లో వదులు."

గంట మోగింది.

పెడ్లర్ అందరికంటే ముందు బయటపడ్డాడు. ముందంటే ముందు కాదు, రెండు బారల ముందు. చెవులు నిక్కపొడుచుకుని, మెడ చాచి, ఏదో ఆలస్యమైపోతున్నట్టు.

"అయ్యో, వీడేంటి?" అన్నారు మలాకీ. "వెనకుండమన్నానా లేదా?"

జాకీ వెనక్కి వాలి లాగుతున్నాడు. పెడ్లర్ వింటేగా. మొదటి మలుపు వాడే ముందు. వెనక తిన్నని దారిలోనూ వాడే ముందు. నా పక్కన ఒక ముసలాయన "ఎవరిదయ్యా ఆ గుర్రం?" అని అరుస్తున్నాడు. మాది అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో శాలలకి వెళ్ళే సందు వచ్చింది. పెడ్లర్ సందు వైపు తిరిగాడు.

పూర్తిగా కాదు. జాకీ తిప్పనివ్వలేదు. కానీ కుడివైపుకి అంత దూరం జరిగిపోయేసరికి లోపలివైపు నుంచి ఆరు గుర్రాలు వాణ్ణి దాటేశాయి. వాటి డెక్కల మట్టి అంతా వచ్చి వాడి ముఖాన పడింది.

లోర్కన్ నా చేయి వదిలేసి రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు. మలాకీ టోపీ తీసేశారు.

పెడ్లర్ తల దించాడు. కళ్ళు సగం మూసుకున్నాడు. ఆ దూరం నుంచి నాకు కనబడిందని ప్రమాణం చేయలేను గానీ, ఎలా మూసుకుంటాడో తెలుసు. ఆ మట్టిలోంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చాడు. ఐదో వాడు, నాలుగో వాడు, మూడో వాడు. గెలుపు గీత దగ్గర ముందున్న గుర్రానికీ వీడికీ ఒక మెడ తేడా.

రెండో స్థానం. గెలవలేదు.

మలాకీ టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "కాళ్ళు చూద్దాం పదండి," అన్నారు.

కాళ్ళు బాగున్నాయి. ముఖమంతా ఎర్రమట్టి. లోర్కన్ తడిగుడ్డతో తుడుస్తుండగా నా ఫోన్ మోగింది. బ్రీడా.

"ఆ గుర్రానికి తిండి గంట ఎవరు కొట్టారు?"

"ఏం గంట?" అన్నాను.

"టీవీలో చూశాను. ఆ చెవులు నాకు తెలీవా? నాలుగేళ్ళుగా పొద్దున ఎనిమిదిన్నరకి నేను గంట కొట్టగానే, తలుపు మీద నుంచి తల బయటపెట్టి అవే చెవులు. దాణా ఎక్కడని చూస్తున్నాడు పాపం! నా గంట నెల రోజుల నుంచి ఇసుక రాలుస్తోంది, ఎందుకా అనుకున్నాను."

రోజూ బ్రీడా ఆ గంట కొట్టగానే గుర్రాలన్నీ తలుపులు బాదడం నేనూ చూశాను. మనుషులకి టీ, గుర్రాలకి దాణా, రెంటికీ ఒకటే గంట. చూసి కూడా, పరుగెత్తమని దాన్నే కొట్టాను. వాడు ఇంటివైపు దాణాకే పరిగెత్తాడు. బిస్కట్టూ అందుకే పరిగెత్తింది.

"నావల్లే," అన్నాను. "నెటిల్ పోతుంది. నావల్లే."

"ఏడవకు. వాడికి ముందు దాణా పెట్టు," అన్నారు బ్రీడా. "మాటిచ్చి పరిగెత్తించారుగా."

సరిగ్గా అప్పుడే హార్లన్ వచ్చారు. పొడుగాటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. బకెట్టులో తల దూర్చిన పెడ్లర్‌ని కాసేపు చూశారు.

"గేటులోంచి అలా బయటపడ్డ గడ్డి గుర్రాన్ని నేనింతవరకు చూడలేదు," అన్నారు.

మలాకీ నా వైపు చూశారు. లోర్కన్ వైపు చూశారు. "మీకొక సంగతి చెప్పాలి," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశారు. గంటా, ఎనిమిదిన్నరా, సందూ, బిస్కట్టూ, ఏదీ దాచలేదు. నా పేరు మాత్రం చెప్పలేదు. "మేం చేసిన తెలివితక్కువ పని," అన్నారు.

హార్లన్ టోపీ తీసి, అందులోకి ముఖం పెట్టి నవ్వారు. భుజాలు ఊగిపోయాయి.

"అయ్యా, గుప్పెడు ఓట్స్ కోసం ఇంత ఉరికినవాడు, రేపు మా ఆడగుర్రాల్ని చూస్తే ఆగుతాడా?" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "గెలుపు రేపు పేపర్లో ఉంటుంది. వేగం పిల్లల్లో ఉంటుంది. నాకు కావలసింది పిల్లలే. అయితే గెలవమన్నాను, గెలవలేదు. అప్పుడనుకున్నంత ఇవ్వలేను," అని ఒక అంకె చెప్పారు. మేం ఆశపడ్డ దాంట్లో సగానికి కాస్త ఎక్కువ.

మలాకీ బేరమాడలేదు. ఆయన బేరమాడకపోవడం నేను అదొక్కసారే చూశాను.

"డబ్బు నవంబరు ముగిసేలోపు వస్తుందా?" అని అడిగారు.

"వారంలో వస్తుంది."

మలాకీ అరచేతిలో ఉమ్మి, చేయి చాచారు. మా దగ్గర బేరం అలాగే కుదురుతుంది. హార్లన్ ఆ చేతిని ఒక్క క్షణం చూసి, తన అరచేతిలోనూ ఉమ్మి, గట్టిగా కలిపారు. మలాకీ జేబులోంచి ఇరవై యూరోల నోటు తీసి ఆయనకిచ్చారు. అమ్మినవాడు కొన్నవాడికి శుభానికి కాస్త తిరిగిచ్చుకోవాలి. వేల ఎకరాల ఆసామి ఆ నోటుని మడిచి గుండెల దగ్గరి జేబులో పెట్టుకున్నారు.

పెడ్లర్ అక్కడే ఉండిపోయాడు. మర్నాడు కొత్త ఇంట్లో వాణ్ణి వదిలి వస్తూ లోర్కన్ వాడి మెడ కింద చేయి వేసి ఏదో చెప్పాడు. పెడ్లర్ తొట్టెలోంచి తల ఎత్తలేదు. దాణా బాగుంది కాబోలు. విమానంలో లోర్కన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను వాడి చెవులు పట్టుకుని కూర్చున్నాను. చలి లేకపోయినా.

డిన్నీ గారికి వాటా ముట్టింది. ఆయన వచ్చి టీ తాగి, నెటిల్ వీపు మీద ఒకసారి నిమిరి, ఇల్లు కట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

డిసెంబరులో వేలం రోజు లోర్కన్, నేనూ, మలాకీ వంటింట్లో కంప్యూటరు ముందు చేరాం. అవసరం లేకపోయినా చూడాలనిపించింది. ఆరువందల పదకొండు అమ్ముడుపోయింది. "ఆరువందల పన్నెండు, వెనక్కి తీసుకున్నారు," అన్నాడు వేలం పాడేవాడు, ఊపిరి కూడా తీసుకోకుండా, వెంటనే పదమూడు అందుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు లోర్కన్.

"అంతే," అని మలాకీ టీ పోసుకున్నారు. కప్పు నిండినా పోస్తూనే ఉన్నారు.

బ్రీడా కోసం చూస్తే ఇంట్లో లేరు. సంగతి చెబుదామని బూట్లు తొడుక్కుని పొలానికి పరిగెత్తాను. సన్నగా వాన పడుతోంది. నెటిల్ కొత్త కంబళిని ముళ్ళ కంచెకి రాసి, భుజం దగ్గర నిలువునా చింపేసుకుంది. బ్రీడా నడుం మీద చేతులు పెట్టుకుని దాని ఎదుట నిలబడి ఉన్నారు.

"సిగ్గులేనిదానా! కొని నాలుగు రోజులు కాలేదు! ఒళ్ళు దురదైతే నన్నడగలేవూ? ఈ వయసులో, ఈ కడుపుతో, ఆ వేషాలేంటి? నీకు గోనెసంచి కడతాను, అదే సరిపోతుంది నీ అందానికి! చూపేంటా చూపు? కొడతానంటే కొడతాను!"

అప్పుడు తట్టింది నాకు. సెప్టెంబరులో నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆవిడ ఆ గుర్రాన్ని ఒక్క మాట అనలేదు. బకెట్టు తన్నినా, చేయి కొరికినా, "పోనీలే తల్లీ" అని నిమిరేవారు. అదే ఆవిడ స్వభావమనుకున్నాను.

నెటిల్ చెవులు వెనక్కి పెట్టి, చింపిన కంబళిని ఇంకొంచెం లాగింది. బ్రీడా గొంతు ఇంకో మెట్టు పెరిగింది. నేను తడిసిన గేటు మీద వాలి, ఆవిడ తిట్లన్నీ అయ్యేదాకా విని, నంబరు సంగతి చెప్పకుండానే తిరిగొచ్చాను.